ఉమ్మడి గోడ – మరమ్మతు వ్యయం – ఇరుగుపొరుగుల బాధ్యత

మానవుడు సంఘజీవి. ఇంటి గడప దాటిన తరువాతనే సంఘజీవనం ప్రారంభమవుతుందని మనం సాధారణంగా భావిస్తాం. కాని అది గడపకు ఇవతలనే, మన ఇంటికీ పక్కింటికీ నడుమ నిలిచిన గోడ దగ్గరనే ప్రారంభమవుతున్నది. ఉర్దూ భాషలో పొరుగువానిని ‘హమ్‌సాయా’ అంటారు. ఒకే నీడను పంచుకొనేవాడని ఆ మాటకు అర్థం. ఆ నీడనిచ్చే గోడ బీటలు వారినప్పుడు దానిని బాగుచేయించే ఖర్చును కూడ పంచుకోవలెనా? పంచుకొంటే ఎవరి వంతు ఎంత? ఒకరు సమ్మతించి, మరొకరు నిరాకరిస్తే మార్గమేమి? ఈ ప్రశ్నలు చిన్నవిగా కనిపించవచ్చును. కాని మన పట్టణాలలోని పాత వాడలలో ఎన్నో కుటుంబాల మధ్య మాటలు ఆగిపోవడానికి ఇవే కారణాలైనవి.

ఇది మాటల తగవుతో ముగిసే విషయం కాదు. హైదరాబాదు నగరంలో 2020 అక్టోబరులో కురిసిన కుంభవృష్టికి బండ్లగూడ ప్రాంతంలో ఒక ప్రహరీ గోడ పక్కనున్న ఇళ్లపై కూలి, నిద్రలో ఉన్నవారు పలువురు ప్రాణాలు కోల్పోయారు. గోడకు తన యజమాని ఎవరో తెలియదు. నానిన గోడ ఏ వైపు బలహీనంగా ఉంటే ఆ వైపే పడుతుంది. కనుక ఉమ్మడి గోడను గురించి న్యాయశాస్త్రం ఏమంటున్నదో, లోకవ్యవహారం ఏమి చెబుతున్నదో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఉమ్మడి గోడ అనగానేమి?

రెండు స్థలాల సరిహద్దులో నిలిచిన ప్రతి గోడా ఉమ్మడి గోడ కాదు. ఇంగ్లండులో 1880లో వాట్సన్ – గ్రే వ్యాజ్యంలో జడ్జి ఫ్రై ఉమ్మడి గోడ అనే మాటకు నాలుగు అర్థాలున్నవని వివరించాడు. భారతదేశంలోని న్యాయస్థానాలు కూడ ఈ విభజనను ఆధారంగా తీసుకొన్నవి.

మొదటిది: గోడ మొత్తానికి ఇద్దరూ కలిసి హక్కుదారులు. ఇందులో ఈ ఇటుక నాది, ఆ ఇటుక నీది అనే విభజన లేదు. వాడుకలో ఎక్కువగా కనిపించే అర్థం ఇదే.

రెండవది: గోడ మందం నిలువునా రెండుగా విభజింపబడి, ఒక సగం ఒకరిదిగా, రెండవ సగం మరొకరిదిగా ఉండడం.

మూడవది: గోడ పూర్తిగా ఒకరిది. అయితే అది అడ్డుగోడగా నిలిచి ఉండాలని కోరే సౌకర్యపు హక్కు రెండవ వారికి ఉన్నది.

నాలుగవది: గోడ నిలువునా రెండు సగాలుగా ఉన్నప్పటికీ, ప్రతి సగం మీదను ఎదుటివారికి ఆధారపు హక్కు ఉండడం. అనగా ఎవరి సగాన్ని వారు తమ ఇష్టం వచ్చినట్లు పడగొట్టరాదు.

ఈ నాలుగింటిలో మన గోడ దేనికి చెందినదో తేలనిదే ఖర్చును గురించిన చర్చ ముందుకు సాగదు. తగవులు చాలవరకు డబ్బు దగ్గర పుట్టవు. గోడ ఏ తరగతికి చెందినదో ఇరువురూ వేరువేరుగా ఊహించుకోవడం వలన పుడతవి.

గోడ ఎవరిదో తెలుసుకొనే విధానం

ప్రధానమైన ఆధారం దస్తావేజు. అందులోని చెక్కుబందీలో నాలుగు దిక్కుల హద్దులు వ్రాసి ఉంటవి. ‘ఉభయుల ఉమ్మడి గోడ’ అని ఉన్నదా, ‘పొరుగువారి గోడ’ అని ఉన్నదా, గోడ ప్రస్తావన లేకుండా ‘ఫలానావారి ఇల్లు’ అని మాత్రమే ఉన్నదా చూడవలెను. ఒక్కరి దస్తావేజు చాలదు. ఇరువురి దస్తావేజులూ పక్కపక్కన పెట్టి చదవాలి. కొలతలు గోడ లోపలి అంచువరకా, నడుమవరకా, వెలుపలి అంచువరకా అనేది గమనించాలి. మన పట్టణాలలోని ఉమ్మడి గోడలు చాలవరకు అన్నదమ్ములు ఒక పెద్ద ఇంటిని పంచుకొన్నప్పుడు ఏర్పడినవే. అటువంటి చోట పారీఖత్తు, అనగా నాటి భాగపరిష్కార పత్రం, ముఖ్యమైన ఆధారమవుతుంది.

రెండవ ఆధారం గోడయే. రెండు ఇళ్ల దూలాల చివరలు ఆ గోడలో దిగి ఉన్నవా? ఇరువైపులా గూళ్లు, అలమరలు ఉన్నవా? గోడ తల ఏ వైపునకు వాలుగా ఉండి వాననీటిని ఏ పెరటిలోనికి జారుస్తున్నది? పునాది వెడల్పు ఏ వైపునకు ముందుకు వచ్చి ఉన్నది? అనుభవం గల మేస్త్రీ ఈ గుర్తులను పుస్తకం చదివినట్లు చదువగలడు. ఇరువురూ చిరకాలం సమానంగా వాడుకొన్న గోడను, వేరు రుజువు లేనప్పుడు, ఉమ్మడి ఆస్తిగా భావించవచ్చునని 1828లోనే ఇంగ్లండులో క్యూబిట్ – పోర్టర్ వ్యాజ్యంలో న్యాయస్థానం అభిప్రాయపడింది.

మూడవది పూర్వపు ఆచరణ. ఇంతకుమునుపు గోడ పాడైనప్పుడు డబ్బు ఎవరిచ్చారు? ఇరువురూ ఇచ్చి ఉంటే ఆ జ్ఞాపకం విలువైనది. దానికి రసీదు ఉంటే మరింత విలువైనది.

వివిధ న్యాయ సంప్రదాయాలు

సరిహద్దు తగవులు మానవజాతికి కొత్తవి కావు. మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయంలో హద్దుల తగవులకు ప్రత్యేకస్థానం ఉన్నది. హద్దు వెంట మర్రి, రావి మొదలైన వృక్షాలను నాటాలని, రాళ్లు, ఇటుకలు, బొగ్గులు, ఊక వంటివాటిని రహస్య చిహ్నాలుగా భూమిలో పాతిపెట్టాలని అందులో చెప్పబడింది. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే వ్యాఖ్యను రచించగా, దానిని ఆధారం చేసుకొని 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన తెలుగులో ‘విజ్ఞానేశ్వరీయము’ను రచించాడు. వ్యవహార ధర్మం తెలుగు పద్యంలోనికి అంత పూర్వమే వచ్చింది.

ఇస్లామీయ న్యాయశాస్త్రంలో హనఫీ సంప్రదాయాన్ని అనుసరించి ఉస్మానీ తుర్కీ సామ్రాజ్యంలో 1869 – 1876 మధ్య ‘మజల్లా’ అనే పౌరస్మృతి సంకలనం చేయబడింది. ఉమ్మడి ఆస్తికి మరమ్మతు అవసరమైనప్పుడు హక్కుదారులు తమ తమ వంతుల ప్రకారం కలిసి చేయించుకోవాలన్నది అందులోని మూలసూత్రం. ఒకరు రెండవవారి అనుమతితో ఖర్చు చేస్తే వారి వంతును వసూలు చేసుకోవచ్చును. రెండవవారు ఊరిలో లేకుంటే న్యాయాధికారి అనుమతి పొందవచ్చును. ఉమ్మడి గోడను ఒకరు మరొకరి అనుమతి లేక ఎత్తు పెంచరాదు. అనుమతికి ఆ స్మృతి ఇచ్చిన ప్రాముఖ్యం గమనింపదగినది.

ఫ్రాన్సు దేశపు 1804 నాటి పౌరస్మృతి ప్రకారం ఉమ్మడి గోడ మరమ్మతు, పునర్నిర్మాణం హక్కుదారులందరి భారం. ఎవరి హక్కు ఎంతో వారి ఖర్చు అంత. ఖర్చు భరించలేనివారు గోడపై తమ హక్కును వదులుకొని బాధ్యతనుండి తప్పుకోవచ్చును. అయితే ఆ గోడ వారి కట్టడాన్ని మోస్తున్నంతకాలం ఈ అవకాశం లేదు. ‘నీ ఇంటి దూలం గోడపై ఉన్నంతవరకు గోడ భారం నీపై ఉన్నది’ అని దీని తాత్పర్యం.

1666లో లండన్ నగరం అగ్నికి ఆహుతి అయిన తరువాత చేసిన పునర్నిర్మాణ శాసనం, ఉమ్మడి గోడను ఇరువురి స్థలంలోను సమానంగా కట్టాలని, మొదట కట్టినవారికి తరువాత కట్టుకొనే పొరుగువారు సగం ఖర్చు చెల్లించాలని నిర్దేశించింది. ఆ సంప్రదాయమే పెరిగి ఇంగ్లండు, వేల్సులలో 1996 నాటి ఉమ్మడి గోడల చట్టమైంది. ఆ చట్టం ప్రకారం ఉన్న గోడపై పని చేయదలచినవారు రెండు నెలల ముందు పొరుగువారికి వ్రాతమూలకంగా తెలియజేయాలి. అంగీకారం కుదరనప్పుడు సర్వేయర్లు నిర్ణయిస్తారు. గోడ శిథిలమైనందున చేసే మరమ్మతులో ఎవరు గోడను ఎంతగా వాడుకొంటున్నారు, ఆ లోపానికి ఎవరెంత బాధ్యులు అన్న రెండు అంశాలను బట్టి ఖర్చు పంచబడుతుంది. ఈ రెండు కొలబద్దలను పాఠకులు గుర్తుంచుకొందురు గాక. మనకు కూడ ఇవి పనికివచ్చును.

మన దేశపు చట్టం

ఇంగ్లండులో వలె ఉమ్మడి గోడలకై ప్రత్యేకించిన కేంద్ర చట్టం మన దేశంలో లేదు. కనుక వేరువేరు చట్టాలనుండి సూత్రాలను కూర్చుకోవలసి ఉన్నది.

గోడ పూర్తిగా ఒకరిదై, రెండవవారికి దానిపై ఆధారపు హక్కు మాత్రమే ఉంటే 1882 నాటి సౌకర్య హక్కుల చట్టం దారి చూపుతుంది. ఈ చట్టం ప్రారంభంనుండి మద్రాసు రాష్ట్రానికి వర్తించినందున ఆంధ్ర ప్రాంతానికి పాత పరిచయమే. దాని 15వ సెక్షన్ ప్రకారం శాంతియుతంగా, అంతరాయం లేకుండా, 20 సంవత్సరాలు పొందిన ఆధారం స్థిరమైన హక్కుగా మారవచ్చును. అయితే 25వ సెక్షన్ ప్రకారం ఆ హక్కును నిలుపుకొనడానికి అవసరమైన మరమ్మతు ఖర్చు హక్కును అనుభవించేవారే భరించాలి. గోడ యజమాని వారి మేలుకొరకు ఏదైనా చేసితీరవలెనన్న నిర్బంధం లేదని 27వ సెక్షన్ సూచిస్తున్నది. అనగా పొరుగువారి గోడపై దూలం ఆనించుకొన్నవారు, ఆ గోడను వారే బాగుచేయించాలని పట్టుబట్టడం కుదరదు.

గోడ ఇరువురి ఉమ్మడి ఆస్తి అయితే ప్రశ్న వేరు. న్యాయదృష్టిలో ఖర్చు ఇరువురిదే. కాని ఒకరు తనంతట తాను మరమ్మతు చేయించి, పిదప రెండవవారిని సగం ఇమ్మని అడిగినప్పుడు చిక్కు వస్తున్నది. ఇంగ్లండులో 1884 నాటి లీ – డికెసన్ వ్యాజ్యంలో, సహ హక్కుదారు తన ఇష్టంతో చేసిన మరమ్మతు ఖర్చుకు రెండవవారిపై నేరుగా దావా వేయజాలడని, ఆస్తి పంపకం జరిగినప్పుడు మాత్రమే దానిని లెక్కలోనికి తీసుకోవచ్చునని తీర్పు వచ్చింది.

మన దేశంలో 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 70వ సెక్షన్ కొంత ఆశ్రయం ఇస్తున్నది. ఒకరు మరొకరి కొరకు న్యాయబద్ధంగా ఒక పని చేసి, దానిని ఉచితంగా చేసే ఉద్దేశం లేక, రెండవవారు ఆ ఫలాన్ని అనుభవిస్తే, వారు ప్రతిఫలం చెల్లించాలి. ఈ సెక్షన్‌ను గురించి 1961లో సుప్రీంకోర్టు పశ్చిమబెంగాల్ రాష్ట్రం – బి.కె. మండల్ అండ్ సన్స్ వ్యాజ్యంలో వివరిస్తూ, ఆ పనిని స్వీకరించడానికో తిరస్కరించడానికో ఎదుటివారికి అవకాశం ఉండాలని చెప్పింది. మరమ్మతు పూర్తయిన గోడను పొరుగువారు తిరస్కరించడం ఎట్లు సాధ్యం? అది వారి ఇంటిలోనే నిలిచి ఉన్నది గదా! కనుక ఆ అవకాశం పని ప్రారంభానికి ముందే ఇవ్వాలి. ముందుగా తెలియజేయడం మర్యాద మాత్రమే కాదు, ఖర్చు వసూలు చేసుకొనే హక్కుకు అదే పునాది. ఈ వ్యాసానికి సారాంశం కూడ ఇదే.

ఖర్చును లెక్కించే పద్ధతి

‘సగం నీది, సగం నాది’ అన్న సూత్రం వినడానికి సులభం. అన్ని వేళలా అది న్యాయం కాదు. ఖర్చును నాలుగు భాగాలుగా విడదీసి చూడాలి.

1. కాలక్రమాన కలిగిన శిథిలత. ఇది ఇరువురి భారం.

2. ఒకరి కారణంగా కలిగిన నష్టం. ఒకరి స్నానాలగది నీరు, చూరు నీరు, లేదా వారి పెరటిలోని రావిచెట్టు వేళ్లు గోడను దెబ్బతీస్తే ఆ భాగం వారిదే.

3. ఒకరికే ఉపయోగపడే అదనపు పని. మేడ వేయదలచి గోడను ఎత్తు పెంచినా, అందుకొరకు పునాదిని బలపరచినా, ఆ ఖర్చు ఎత్తు పెంచినవారిదే.

4. ఎవరి వైపు గిలాబా, సున్నం, రంగు వారివే.

ఒక ఊహాజనితమైన ఉదాహరణ తీసుకొందాం. తూర్పింటివారికీ పడమటింటివారికీ నడుమ ఉమ్మడి గోడ పగిలింది. మొత్తం ఖర్చు 84,000 రూపాయలు. ఇందులో పాత గోడను విప్పి తిరిగి అదే ఎత్తున కట్టడానికి 48,000. తూర్పింటివారు తమ గదికొరకు అదనంగా 4 అడుగులు ఎత్తించినందుకు 16,000. వారి నీటిగొట్టం కారి పునాది దగ్గర కలిగిన నష్టాన్ని సరిచేయడానికి 8,000. గిలాబా తూర్పువైపు 5,000, పడమటివైపు 7,000.

తూర్పింటివారి వంతు: 24,000 + 16,000 + 8,000 + 5,000 = 53,000. పడమటింటివారి వంతు: 24,000 + 7,000 = 31,000. పాత ఇటుకలు అమ్మగా 4,000 వచ్చినవనుకొంటే, అవి ఉమ్మడి గోడవే కనుక ఒక్కొక్కరికి 2,000 తగ్గుతవి. చివరకు తూర్పింటివారు 51,000, పడమటింటివారు 29,000 భరించాలి. కళ్లు మూసుకొని సగం చేసి ఉంటే ఒక్కొక్కరికి 40,000 పడేది. పడమటింటివారు తమకు సంబంధం లేని 11,000 రూపాయలు చెల్లించవలసి వచ్చేది. ఈ లెక్క ముందే కాగితంపై ఉంటే తగవుకు తావుండదు.

పనికి ముందు చేయవలసినవి

‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్నారు పెద్దలు. పాత ఇంటి గోడను బాగుచేయించడం కొత్త ఇల్లు కట్టడంకన్న ఒక విధంగా కష్టం. ఎందుకనగా రెండు సంసారాలు దాని కిరువైపులా నడుస్తూనే ఉంటవి. కనుక క్రింది క్రమాన్ని పాటించడం మేలు.

ప్రథమంగా ఇరువురూ కలిసి ఒకే మేస్త్రీతో గోడను రెండు వైపులనుండి చూపించాలి. దూలాలు గోడలో ఉంటే ఇంజనీరు సలహా తప్పనిసరి. నీరు ఎక్కడనుండి వస్తున్నదో ముందుగా కనుగొనాలి. తడి మూలం ఆపకుండ మట్టిగోడపై సిమెంటు గిలాబా వేస్తే తేమ లోపలనే నిలిచి గోడ మరింత చెడుతుంది. అప్పుడు ఇరువురి డబ్బూ వృథా.

ద్వితీయంగా గోడ స్థితిని ఇరువైపులా ఫోటోలు తీయించి తేదీ వేసి ఉంచాలి. ఇద్దరు మేస్త్రీలచేత వేరువేరుగా అంచనాలు వ్రాయించాలి.

తృతీయంగా ఒడంబడిక వ్రాసుకోవాలి. అందులో గోడ కొలతలు, చేయవలసిన పని, మొత్తం అంచనా, ఎవరి వంతు ఎంత, ఏ తేదీకి ఎంత ఇవ్వాలి, అంచనా మించితే ఏమి చేయాలి, పనివారు ఏ వేళలలో ఎవరి ఇంటిలోనికి రావచ్చును, ఒకరి సామాను పాడైతే ఎవరు ఇవ్వాలి అన్న విషయాలుండాలి. ఇరువురూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు చేయాలి. కేవలం ఖర్చు పంపకం కాక గోడపై హక్కునే మార్చే పత్రమైతే 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం సంగతి న్యాయవాదిని అడిగి తెలుసుకోవాలి.

ఒడంబడిక యజమానితోనే జరగాలి, అద్దెకున్నవారితో కాదు. ఇంటికి వారసులు పలువురుంటే అందరి సమ్మతి కావాలి. నేడు మన ప్రాంతాలలో యజమాని గల్ఫు దేశాలలోనో అమెరికాలోనో ఉండి ఇంటిలో వృద్ధ తల్లిదండ్రులు మాత్రమే ఉండడం సాధారణమైంది. అట్టిచోట యజమాని వ్రాతపూర్వకమైన అంగీకారాన్ని తెప్పించుకోవాలి.

చివరగా, కాలం. రోహిణి కార్తె ఎండలలో పని ముగించి, మృగశిర ప్రవేశించునాటికి గోడ ఆరి ఉండేట్లు చూసుకోవాలి.

ఇవ్వలేనివారు, ఇవ్వనివారు

ఈ ఇరువురినీ ఒకే గాట కట్టరాదు. పొరుగింట ఒక వితంతువు దర్జీపనితో పిల్లలను పోషించుకొంటున్నదనుకొందాం. ఆమెను ఒక్కసారిగా ఇరవై తొమ్మిది వేలు తెమ్మనడం న్యాయం కావచ్చును, ధర్మం మాత్రం కాదు. అటువంటప్పుడు కలిగినవారు ముందుగా పూర్తి ఖర్చు పెట్టుకొని, ఆమె వంతును వాయిదాలమీద తీసుకొనేట్లు వ్రాసుకోవచ్చును. గోడ నిలబడడానికి అవసరమైనంత పనికే ఆమెను భాగస్వామిని చేయాలి. అందం కొరకు చేసిన పనికి ఆమె వంతు అడుగరాదు. ఆ ఇంటివారు శ్రమ రూపంలో ఏమైనా చేస్తే దానికి కూలి లెక్కగట్టి తగ్గించాలి. బాకీని వ్రాతమూలకంగా ఒప్పుకొని సంతకం చేస్తే ఉభయులకూ భద్రత. డబ్బుకు సంబంధించిన దావాలకు సాధారణంగా మూడు సంవత్సరాల గడువు ఉన్నది. ఆ గడువు లోపల బాకీని ఒప్పుకొంటూ చేసిన సంతకం, 1963 నాటి లిమిటేషను చట్టం ప్రకారం, కొత్త గడువును ప్రారంభిస్తుంది.

శక్తి ఉండి నిరాకరించేవారి సంగతి వేరు. వారికి అంచనాల నకళ్లతో తపాలాలో నోటీసు పంపి, జవాబు చెప్పడానికి తగిన వ్యవధి ఇవ్వాలి. పెద్దల మధ్యవర్తిత్వం విఫలమైతే న్యాయసేవల అధికార సంస్థను ఆశ్రయించవచ్చును. 1987 నాటి చట్టం క్రింద ఏర్పడిన లోక్ అదాలత్‌లో ఇరువురి రాజీపై ఇచ్చే నిర్ణయం సివిలు కోర్టు డిక్రీతో సమానం. దానిపై అప్పీలు లేదు. అక్కడను కుదరకుంటే సివిలు కోర్టు ఉన్నది. గోడను స్వయంగా చూచి నివేదిక ఇచ్చేందుకు కోర్టు కమిషనరును నియమించవచ్చును.

గోడ నేడో రేపో పడేట్లున్నప్పుడు మాత్రం వాదనకు సమయం లేదు. వెంటనే ఊతకర్రలు పెట్టించి, ఆ గదిని ఖాళీ చేయించి, పురపాలక సంఘానికి వ్రాతమూలకంగా తెలియజేయాలి. శిథిల కట్టడాలను బాగుచేయమని గాని తొలగించమని గాని ఆజ్ఞాపించే అధికారం ఆ సంస్థకు ఉంటుంది. అదే రోజున పొరుగువారికి కూడ కబురు చేయాలి. ప్రాణరక్షణకు చేసిన పని ఎంతవరకో, తరువాతి మరమ్మతు ఎంతవరకో లెక్కలు వేరుగా ఉంచాలి.

ముగింపు

హద్దు, దస్తావేజు, తకరారు, రాజీ, వసూలు – ఉమ్మడి గోడను గురించి తెలుగులో మాట్లాడినప్పుడు మనం వాడే ఈ మాటలు ఫార్సీ, అరబ్బీ, ఉర్దూలనుండి వచ్చి మన మాటలైపోయినవి. రెండు భాషలు ఒక గోడకు అటూ ఇటూ శతాబ్దాలు కాపురం చేసినందువలన కలిగిన ఫలమిది. ఆ మాటలలో తకరారును విడిచి రాజీని చేపట్టడం మన చేతిలో ఉన్నది. మేస్త్రీ తాపీ పట్టుకొనకముందే రెండు ఇళ్లవారు ఒకచోట కూర్చొని, దస్తావేజులు విప్పి, కారణం తెలుసుకొని, వంతులు వ్రాసుకొంటే ఖర్చు తగ్గుతుంది, తగవు తప్పుతుంది. చట్టం చదువుకొన్న విద్యార్థులు తమ వీధిలోని పెద్దలకు ఈ ఒక్క సంగతి చెప్పి, ఒక్క ఒడంబడిక వ్రాసిపెట్టినా వారి చదువు సార్థకమైనట్లే.